ఆంగ్లంలో సామాన్య భవిష్యత్కాలం

'విల్', 'షల్' అనే సహాయక క్రియలకు మూలక్రియను చేర్చి జరగబోయే పనిని చెప్పే ఆంగ్ల క్రియారూపం సామాన్య భవిష్యత్కాలం. మన బడిపుస్తకాల్లో దీని పేరు సింపుల్ ఫ్యూచర్ టెన్స్.

ప్రాచీన ఆంగ్లంలో భవిష్యత్తుకు వేరే రూపం లేదు, వర్తమాన రూపంతోనే పని జరిగేది. 10వ శతాబ్దం చివర లాటిన్ వ్యాకరణం రాసిన క్రైస్తవ సన్యాసి ఏల్ఫ్రిక్, లాటిన్ భవిష్యత్ క్రియకు ఎదురుగా ఆంగ్ల వర్తమాన క్రియనే పెట్టి, 'ఇప్పుడే గాని మరొకప్పుడు గాని' అని వివరణ చేర్చాడు. అప్పట్లో విల్ అంటే కోరడం, షల్ అంటే బాకీపడటం, చేయక తప్పకపోవడం. తరువాతి శతాబ్దాల్లో ఈ అర్థాలు పలచబడి, రెండూ కాలసూచకాలయ్యాయి.

ఈ చరిత్రలో 17వ శతాబ్దం ముఖ్యమైనది. 1622లో జార్జ్ మేసన్ ఫ్రెంచి భాషలో రాసిన ఆంగ్ల వ్యాకరణంలో షల్, విల్‌ల తేడాను పురుషను బట్టి చెప్పాడు. 1653లో ఆక్స్‌ఫర్డ్ గణితాచార్యుడు జాన్ వాలిస్ దాన్ని సునిశితంగా సూత్రీకరించాడు. ఉత్తమ పురుషలో షల్ జరగబోయేదాన్ని ఊరికే చెబుతుంది, విల్ మాట ఇస్తుంది లేదా బెదిరిస్తుంది. మధ్యమ, ప్రథమ పురుషల్లో ఇది తారుమారు. గణితంలో అనంతానికి గుర్తు ఇచ్చినవాడూ ఈ వాలిసే. ఆంగ్లాన్ని లాటిన్ మూసలో పోయకూడదన్న ఆయన పట్టుదల ఆ కాలానికి సాహసమే.

1762లో రాబర్ట్ లౌత్, 1765లో విలియమ్ వార్డ్, 1795లో లిండ్లీ మరే ఈ సూత్రాన్ని తమ వ్యాకరణాల్లోకి తెచ్చారు. మరే పుస్తకంతో అది బడిపిల్లల పాఠమైంది. నీటిలో మునుగుతున్నవాడు 'ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మీ' అని అరిస్తే, మునిగే తీరతాను, నన్నెవరూ రక్షించడానికి వీల్లేదని అర్థమొస్తుందని ఉపాధ్యాయులు ఉదాహరణ చెప్పేవారు.

1925లో అమెరికన్ భాషావేత్త చార్లెస్ ఫ్రీస్ నాటకాల సంభాషణలను వాక్యం వాక్యం లెక్కించి, ఉత్తమ పురుషలోనూ విల్‌దే ఆధిక్యమని చూపాడు. వాడుకను లెక్కపెట్టి చూసిన ఈ పద్ధతి ఆదర్శప్రాయం. అయినా భారతీయ పాఠశాలల్లో రెన్, మార్టిన్‌ల వ్యాకరణం చదివినవారు 'ఐ షల్', 'వి షల్' అనే చాలాకాలం నేర్చుకున్నారు.

తెలుగులో 'రోజూ వస్తాను', 'రేపు వస్తాను' రెండింటికీ ఒకే క్రియ. ఆంగ్లంలో మొదటిది 'ఐ కమ్', రెండోది 'ఐ విల్ కమ్'. మన విద్యార్థి తడబడేది ఇక్కడే. తలుపు తట్టిన చప్పుడుకు అప్పటికప్పుడు లేస్తూ అనే మాట 'ఐల్ ఓపెన్ ఇట్'. ముందే అనుకున్న పనికి 'గోయింగ్ టు' నప్పుతుంది.

2002లో వెలువడిన కేంబ్రిడ్జ్ బృహద్వ్యాకరణంలో హడిల్‌స్టన్, పుల్లమ్‌లు ఆంగ్లానికి భవిష్యత్కాలమే లేదనీ, విల్ కూడా 'కెన్', 'మే'ల వరుసలోనిదేననీ వాదించారు. నేటి వాడుకలో షల్ ఎక్కువగా 'షల్ వి గో?' వంటి ప్రశ్నల్లోనూ చట్టాల భాషలోనూ కనిపిస్తుంది.