కారచేపలో వెలుగు: ఒక సహజీవనాన్ని శాస్త్రం గుర్తించిన క్రమం

ఆంధ్ర తీరంలో వలలకు విరివిగా పడే వెండిరంగు కారచేపలు తమ శరీరంలోనే కాంతినిచ్చే బాక్టీరియాను పోషిస్తాయన్న సంగతి, ఆ చేపలు శాస్త్రగ్రంథాలకు ఎక్కిన వందేళ్లకు గాని బయటపడలేదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్, అక్కడి 200 చేపలను బొమ్మలతో వర్ణించి 1803లో వెలువరించిన గ్రంథంలో వీటిని స్థానికులు పిలిచే కార అన్న పేరుతోనే నమోదు చేశాడు. ఆ రోజుల్లో వర్ణన ప్రధానంగా బాహ్యరూపానికే పరిమితం గనుక లోపలి కాంతి అవయవం మరుగునే ఉండిపోయింది.

కుళ్లిన చేప వెలగడానికి గాలి అవసరమని 17వ శతాబ్దంలోనే రాబర్ట్ బాయిల్ చూపగా, అటువంటి కాంతికి మూలమైన సూక్ష్మజీవులకు 1889లో శాస్త్రజ్ఞుడు బేయరింక్ ఫోటోబాక్టీరియం అన్న ప్రజాతి నామం ఇచ్చాడు. కారచేప కాంతి అవయవ నిర్మాణాన్ని 1928లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హార్మ్స్ వివరించాడు. తరువాత జపాన్‌కు చెందిన యాటా హనెడా ఆ పరిశీలనను విస్తరించాడు. అందులోని బాక్టీరియాకు 1967లో ఫోటోబాక్టీరియం లియోగ్నాథై అని పేరు పెట్టారు. దానికి దగ్గరి బంధువైన మరో బాక్టీరియాకు 1970లో తమిళనాడులోని మండపం పేరు దక్కింది.

ఈ అవయవం అన్నవాహికను కంకణంలా చుట్టి ఉంటుంది. అందులో కిక్కిరిసిన బాక్టీరియాకు చేప ఆహారాన్నీ ఆక్సిజన్‌నూ అందిస్తే, లూసిఫరేజ్ అనే ఎంజైము జరిపే రసాయన చర్య వల్ల పుట్టే నీలిపచ్చ కాంతి, ఈతతిత్తి గోడపై పరావర్తనం చెంది పొట్ట కిందుగా ప్రసరిస్తుంది. పైనుంచి దిగే పగటి వెలుతురులో చేప కింది నుంచి నల్లని నీడగా కనబడి వేటచేపలకు చిక్కే ప్రమాదం ఉంది గనుక, ఈ కాంతి ఆ నీడను చెరిపివేస్తుందని 1971లో శాస్త్రజ్ఞుడు హేస్టింగ్స్ ప్రతిపాదించాడు. ఈ వివరణ చాలా సమంజసమైనదే గాని సంపూర్ణం కాదు; పలు జాతుల్లో మగచేపల అవయవం ఆడవాటి కంటే పెద్దదిగా ఉండటాన్ని బట్టి, కాంతి జోడు వెతుక్కోవడానికి కూడా ఉపకరిస్తుందని తరువాతి పరిశోధకులు భావించారు.

పిల్లచేప పుట్టుకతో బాక్టీరియాను తెచ్చుకోదు. చుట్టూ ఉన్న సముద్రజలం నుంచే తగిన బాక్టీరియాను గ్రహించి, మిగిలిన సూక్ష్మజీవులను దరిచేరనివ్వదు. ఈ ఎంపిక ఎలా సాగుతుందన్నదే సహజీవన శాస్త్రంలో అన్నిటికన్నా లోతైన ప్రశ్న. దానికి సమాధానాలు ఎక్కువగా, ఇలాగే కాంతి బాక్టీరియాను పోషించే హవాయి స్క్విడ్‌పై జరిగిన పరిశోధనల నుంచి వచ్చాయి. కారలు తాజాగా రేవుకు చేరే విశాఖపట్నం, కాకినాడ కళాశాలల్లోనైనా ఈ పాఠం స్క్విడ్‌తో కాక కారచేపతో మొదలు కావాలి.