సరస్సు అవతలి సంకేతం: ఎటోబికోలో చవక హోమ్ థియేటర్ కంప్యూటరు చరిత్ర

హోమ్ థియేటర్ కంప్యూటరు అంటే టీవీ తెరకు జోడించి, ప్రసారాలను అందుకోవడానికి, వాటిని డిస్కులో దాచుకోవడానికి, సినిమాలు ఆడించడానికి వాడే కంప్యూటరు. తక్కువ డబ్బుతో దానిని కూర్చదలచినవారు ఏ భాగం మీద ఎంత పెట్టాలన్న ప్రశ్నకు జవాబును సాధారణంగా ప్రాసెసర్ల వేగపట్టికల్లో వెతుకుతారు. ఎటోబికో విషయంలో మాత్రం ముందుగా పటం చూడవలసి ఉంటుంది. తూర్పున హంబర్ నది, పడమట ఎటోబికో క్రీక్, దక్షిణాన ఒంటారియో సరస్సు, ఉత్తరాన స్టీల్స్ అవెన్యూ హద్దులుగా గల ఈ ప్రాంతం 1998లో టొరాంటోలో విలీనమయ్యేదాకా వేరే నగరంగా ఉండేది. దీని దక్షిణపు అంచు నుంచి టొరాంటో ప్రసార స్తంభమైన సీఎన్ టవరు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉండగా, సరస్సు మీదుగా సూటిగా కొలిస్తే అమెరికాలోని బఫెలో నగరం వంద కిలోమీటర్లకు కాస్త లోపే ఉంటుంది.

ఈ దూరాల ప్రభావం కంప్యూటర్లు ఇళ్లలోకి రాకముందే మొదలైంది. బఫెలోలో తొలి టెలివిజన్ కేంద్రం 1948లో ప్రసారాలు ప్రారంభించగా, టొరాంటోలో కెనడా ప్రభుత్వరంగ ప్రసార సంస్థ సీబీసీ కేంద్రం 1952 సెప్టెంబరులో గాని మొదలుకాలేదు; ఆ నడిమి నాలుగేళ్లలో ఈ తీరాన టీవీ కొన్నవారు చూసినది పొరుగు దేశపు కార్యక్రమాలనే. 1976లో పూర్తయిన 553 మీటర్ల సీఎన్ టవరు, నగర మధ్యంలో లేచిన ఆకాశహర్మ్యాలు సంకేతాలకు అడ్డు తగులుతున్న ఇబ్బందిని తీర్చడానికే ప్రధానంగా ఉద్దేశించినది. అప్పటికే కేబుల్ వ్యాపించి ఇళ్ల కప్పుల మీది యాంటెన్నాలు తగ్గుముఖం పట్టినా, కేబుల్‌లో అమెరికా చానళ్లు యథాతథంగా వచ్చేవి కావు. ఒకే కార్యక్రమం రెండు దేశాల కేంద్రాల్లో ఒకే సమయంలో వస్తే అమెరికా సంకేతం బదులు కెనడా సంకేతాన్ని, దాని వాణిజ్య ప్రకటనలతో సహా, పంపే ఏర్పాటును ప్రసార నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ 1970ల తొలినాళ్ల నుంచి అనుమతించింది. యాంటెన్నాకు ఈ మార్పిడి వర్తించదు. బఫెలో పంపినది బఫెలో పంపినట్టే ఎటోబికోలో దిగుతుంది.

టీవీని కంప్యూటరులోకి తెచ్చిన యత్నాల్లో ముఖ్యమైనది ఒకటి ఇదే మహానగర పరిసరాల్లో, ఎటోబికోకు ఈశాన్యంగా ఉన్న మార్కమ్‌లో జరిగింది. హాంకాంగ్ మూలాలున్న వలస ఇంజినీర్లు 1985లో స్థాపించిన ఏటీఐ టెక్నాలజీస్, 1996లో ‘ఆల్-ఇన్-వండర్’ పేరుతో గ్రాఫిక్స్ కార్డు, టీవీ ట్యూనర్, వీడియో రికార్డింగ్ సౌకర్యం కలిసిన ఒకే పలకను విడుదల చేసింది. ట్యూనర్ అంటే గాలిలోని లేదా కేబుల్‌లోని అనేక పౌనఃపున్యాల నుంచి కోరిన చానల్‌ను వేరుచేసే భాగం. ఖర్చు చూసుకునేవారికి రెండు కార్డుల పనిని ఒకే కార్డు చేయడం లాభంగా కనిపించినా, అందులో ఒక మెలిక ఉండేది: ఆటల కోసమో మరొకందుకో గ్రాఫిక్స్ పాతబడినప్పుడు, బాగా పనిచేస్తున్న ట్యూనర్‌ను కూడా దానితోపాటే వదులుకోవలసి వచ్చేది. అందువల్ల తరవాతి దశాబ్దంలో పొదుపరులు రెంటినీ విడివిడిగా కొనడానికే మొగ్గారు, ఆ మొగ్గు సహేతుకమైనదే.

ప్రసారాలు డిజిటల్‌కు మారడంతో లెక్కలన్నీ తిరగబడ్డాయి. ఉత్తర అమెరికా స్వీకరించిన ఏటీఎస్‌సీ ప్రమాణంలో ఒక్కో కేంద్రం సెకనుకు గరిష్ఠంగా 19.39 మెగాబిట్ల వేగంతో ఎంపెగ్-2 పద్ధతిలో కుదించిన వీడియోను పంపుతుంది. కేంద్రమే కుదించి పంపుతున్నందున, అనలాగ్ కాలంలో వలె చిత్రాన్ని అప్పటికప్పుడు కుదించే శక్తి కంప్యూటరుకు అవసరం లేకుండా పోయింది. వచ్చిన అంకెల ప్రవాహాన్ని ఉన్నదున్నట్టు డిస్కులో రాసుకుంటే చాలు. అయితే ఆ వేగంతో గంట కార్యక్రమం దాదాపు 8.7 గిగాబైట్లు ఆక్రమిస్తుంది కనుక 250 గిగాబైట్ల డిస్కులో ఇరవై ఎనిమిది గంటలకు మించి పట్టదు. ప్రాసెసర్‌లో మిగిలిన డబ్బు ఆ విధంగా హార్డ్ డిస్కుకు వెళ్లింది.

ట్యూనర్ల కొనుగోలులో కొంత తొందర కూడా ఈ కాలంలోనే కనిపించింది. ప్రసారంలో పునఃపంపిణీని నియంత్రించే ఒక గుర్తు చేర్చి, దానిని గౌరవించని పరికరాల తయారీని నిషేధించే ‘బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్’ నియమాన్ని అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2003 నవంబరులో ఆమోదించి, 2005 జులై 1 నుంచి అమలు చేయదలచింది. నియమం అమెరికాదే అయినా కార్డులు రెండు దేశాలకూ ఒకటే కావడంతో, గడువులోపు కొని పెట్టుకోవాలన్న సలహా ఇక్కడివారికీ అంతే వర్తించింది. 2005 మే నెలలో అమెరికా అప్పీలు న్యాయస్థానం ఆ నియమాన్ని కొట్టివేయడంతో ఆందోళన చల్లారింది.

కేబుల్ విషయంలో మాత్రం సరిహద్దు గోడలాగే నిలిచింది. అమెరికాలో కేబుల్ సంస్థలు తమ చానళ్ల తాళం విప్పే ‘కేబుల్‌కార్డు’ను ఇతరుల పరికరాలకు కూడా ఇవ్వాలన్న విధి ఉండేది, కెనడాలో అలాంటిది లేదు. 2007లో ఏటీఐ పేరుతో వచ్చిన డిజిటల్ కేబుల్ ట్యూనర్ అమెరికా కేబుల్‌కే పనికివచ్చింది. సంస్థ పుట్టినది మార్కమ్‌లో అయినా అక్కడి ఇళ్లలో దానికి చోటు లేదు. ఇంతకంటే విడ్డూరం ఈ చరిత్రలో మరొకటి దొరకదు. ఫలితంగా ఎటోబికోలో చవక హోమ్ థియేటర్ కంప్యూటరుకు ఆధారం యాంటెన్నాయే అయింది, ఎత్తైన అపార్టుమెంట్లు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో బాల్కనీ ఏ దిక్కుకు తెరుచుకుంటుందన్నది ప్రాసెసర్ వేగం కంటే పెద్ద విషయమైంది. ఆగ్నేయానికి తెరుచుకుంటే సరస్సు మీదుగా బఫెలో, తూర్పుకు తెరుచుకుంటే సీఎన్ టవరు దక్కుతాయి. ఉత్తరానికి తెరుచుకునే ఇంట్లో ఎంత ఖరీదైన ట్యూనర్ పెట్టినా గోడలకు తగిలి చెదిరి వచ్చిన సంకేతంతో సరిపెట్టుకోవలసిందే.

యాంటెన్నా మీద ఆధారపడటం గ్రాఫిక్స్ ఎంపికను కూడా నిర్దేశించింది. అమెరికా టీవీ జాలాల్లో ఏబీసీ, ఫాక్స్ 720 గీతల చిత్రాన్ని పూర్తి చట్రాలుగా పంపగా, ఎన్‌బీసీ, సీబీఎస్‌లతోపాటు అప్పట్లో కెనడాలోని సీబీసీ, సీటీవీ 1080 గీతల చిత్రాన్ని సరి, బేసి గీతలుగా విడదీసి రెండు విడతల్లో పంపే ఇంటర్‌లేసింగ్ పద్ధతిని అనుసరించాయి. ఆ రెండు సగాలను అతకడం నాసిగా జరిగితే, ఐస్ హాకీలో వేగంగా జారే పక్ అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. డౌన్‌లోడు చేసిన సినిమాలు మాత్రమే చూసేవారికి ఈ బెడద దాదాపు లేదు కనుక వారికి అత్యంత చవక కార్డు సరిపోయేది. శనివారం రాత్రి హాకీ చూసే ఇంట్లో మాత్రం ఒక మెట్టు పై కార్డుకు డబ్బు పెట్టడం దండగ కాదు.

తెలుగు, తదితర భారతీయ కుటుంబాలకు ఇంకొక అవసరం ఉండేది. భారతదేశం 625 గీతలు, సెకనుకు 25 చట్రాలు గల పాల్ పద్ధతిని, కెనడా 525 గీతలు, దాదాపు 30 చట్రాలు గల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిని అనుసరించేవి. డీవీడీల ప్రాంత సంకేతాల్లో భారతదేశానిది 5, కెనడాది 1. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పెట్టెలో వచ్చిన పాల్ వీసీడీని ఇక్కడి మామూలు ప్లేయరు, టీవీ జంట సరిగా చూపకపోవచ్చు. కంప్యూటరు చిత్రాన్ని తానే విప్పి తెరకు తగినట్టు మార్చి చూపుతుంది కనుక దానికి పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే తేడా పెద్దగా పట్టదు. ఎటోబికో ఉత్తర భాగమైన రెక్స్‌డేల్‌లోని ఆల్బియన్ రోడ్డు వెంబడి దక్షిణాసియా దుకాణాలు, సినిమా హాలు వెలసిన కాలంలో, కొద్ది డాలర్ల డీవీడీ డ్రైవు ఇంటి పెట్టెలో చేయగలిగిన పని ఇది.

భాగాల కొనుగోలుకు టొరాంటో మధ్యంలోని కాలేజ్ వీధి, స్పడైనా కూడలి చుట్టుపక్కల వరుసగా ఉన్న కంప్యూటరు దుకాణాలు పేరుపడ్డాయి. 2007 సెప్టెంబరులో కెనడా డాలరు అమెరికా డాలరుతో సమానం కావడంతో సరిహద్దు దాటి కొనడమూ ఆకర్షణీయమైంది. అయితే ఖర్చును నిజంగా తగ్గించినది మారకపు రేటు కాదు, చిప్పుల్లో వచ్చిన మార్పు. 2006లో ప్రాసెసర్ల సంస్థ ఏఎండీ సుమారు 5.4 బిలియన్ డాలర్లకు ఏటీఐని కొన్న తరవాత, వీడియోను విప్పే పనికే ప్రత్యేకించిన యూవీడీ అనే విభాగం 2007లో రేడియాన్ కార్డుల్లోకి, 2008 మార్చిలో 780జీ అనే మదర్‌బోర్డు చిప్‌సెట్‌లోకి చేరింది. మదర్‌బోర్డుకే హెచ్‌డీఎంఐ సాకెట్టు, అందులోనే బ్లూ-రే స్థాయి వీడియోను విప్పే శక్తి ఉన్నప్పుడు వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు, ప్రాసెసర్ అతి చవకదైనా నెగ్గుకొస్తుంది, వేడి తగ్గి ఫ్యాన్లు తక్కువై చప్పుడూ తగ్గుతుంది. 2009లో వచ్చిన రేడియాన్ 5000 శ్రేణి డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ శబ్దాలను విప్పకుండానే రిసీవర్‌కు అందించడంతో ఖరీదైన సౌండు కార్డు అవసరం కూడా తీరిపోయింది.

సాఫ్ట్‌వేర్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు: 2002లో మొదలైన మైక్రోసాఫ్ట్ మీడియా సెంటర్ విండోస్ 7లో కొన్ని సంచికలకు అదనపు ధర లేకుండా దొరికి, 2015లో విండోస్ 10తో అంతరించింది, అదే 2002లో పుట్టిన మిత్‌టీవీ, ఆటల పెట్టె మీద మొదలై 2014లో కోడి అయిన ఎక్స్‌బీఎంసీ ఉచితంగా కొనసాగాయి.

కెనడా ప్రధాన నగరాల్లో అనలాగ్ ప్రసారాలు 2011 ఆగస్టు 31న ముగిశాయి, ఎటోబికోలో యాంటెన్నాకు రెండు తీరాల నుంచీ డిజిటల్ సంకేతాలే మిగిలాయి. ఇంట్లో తరవాత చూసుకోవడానికి కార్యక్రమాన్ని రికార్డు చేసుకోవడం నేరం కాదని చట్టం స్పష్టంగా చెప్పినది మాత్రం 2012లోనే. కాపీరైట్ ఆధునికీకరణ చట్టం ఆ అనుమతి ఇస్తూనే డిజిటల్ తాళాలను విప్పడాన్ని నిషేధించింది. అంటే గాలిలో వచ్చిన హాకీ పోటీని తరవాత చూడటానికి రికార్డు చేసుకోవచ్చు గాని, కొన్న బ్లూ-రే తాళం తీసి డిస్కులోకి ఎక్కించుకోకూడదు.

ఈ రోజు స్ట్రీమింగ్ స్టిక్‌లు, అరచేతిలో పట్టే మినీ కంప్యూటర్లు పాత పెట్టెల పనిలో చాలా భాగాన్ని లాక్కున్నాయి. ట్యూనర్ మాత్రం ఇంకా విడిగానే కొనవలసి వస్తోంది. 2017లో అమెరికా అనుమతించిన ఏటీఎస్‌సీ 3.0 ప్రమాణంలో వీడియోకు హెచ్‌ఈవీసీ, శబ్దానికి ఏసీ-4 వాడుతుండగా, కొన్ని కేంద్రాలు సంకేతానికి తాళం కూడా వేస్తున్నాయి. పాత ట్యూనర్ ఆ సంకేతాన్ని అందుకోలేదు, తాళం వేసిన చోట కొత్త ట్యూనర్ కొన్నా కంప్యూటరులో అది తెరుచుకుంటుందన్న హామీ లేదు. కొనే ముందు ఎటోబికో వాసి బఫెలో కేంద్రాల్లో ఏది ఏ ప్రమాణంలో పంపుతోందో చూసుకోవలసి ఉంటుంది.