నెల్లూరు తీరంలో న్యాయ భావన

ఎవరికి ఏది దక్కాలి, ఎవరు ఏ శిక్షకు తగినవారు అన్న విషయంలో నెల్లూరు తీర సమాజాలు పాటించిన నమ్మకాలు, కట్టుబాట్లు, వాటిపై వచ్చిన చట్టాల చరిత్ర ఇది. పుట్టుకను బట్టి తీర్పు చెప్పాలా, చేసిన పనిని బట్టి చెప్పాలా అన్న పెనుగులాట ఇందులో అడుగడుగునా కనిపిస్తుంది.

13వ శతాబ్దిలో నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి మంత్రి తిక్కన, విరాటపర్వం మొదలు పదిహేను పర్వాల భారతాన్ని తెనిగించి ధర్మాధర్మాల చర్చను తెలుగువారి ముంగిటికి తెచ్చాడు. ఆపై కొన్ని శతాబ్దాల పాటు ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అన్న నమ్మకమే జనజీవనాన్ని నడిపింది. ఇది ఇక్కడి వారికే పరిమితం కాదు. అమాయకులు బాధపడుతుంటే చూసేవారు, ఆ బాధకు వాళ్లే తగినవారని సర్దిచెప్పుకుంటారని మనస్తత్వవేత్త మెల్విన్ లెర్నర్ 1960లలో ప్రయోగాలతో చూపాడు.

ఎవరికి ఏది దక్కాలన్న దానికి మరో జవాబుగా, తీరపు దక్షిణ కొసన పులికాట్ సరస్సులోని జాలరులలో ‘పాడు’ పద్ధతి ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లు ఎవరి సొంతమూ కావు. చీట్లు వేసి వంతులు పంచుకుంటారు. ఇవాళ మంచి చోట వల కట్టినవాడు రేపు మరొకరికి వదలాలి. ఇంత చక్కని సమన్యాయంలోనూ బయటి కులాలవారికి వంతు ఉండేది కాదు.

ఈ తీరపు గిరిజన తెగ అయిన యానాదుల చరిత్ర మరింత కఠినం. ఊళ్లు వారిని కావలికి పెట్టుకున్నాయి, బ్రిటిష్ ప్రభుత్వం దొంగలని ముద్ర వేసింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. ఆ చట్టం కింద నమోదైనవారు వేలిముద్రలు ఇవ్వాలి, మకాం మారితే పోలీసులకు చెప్పాలి. బిట్రగుంట సమీపంలోని కప్పరాళ్లతిప్పలో యానాదులకు, కావలి పట్టణంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆధ్వర్యంలో ఎరుకల తెగవారికి, నిఘాలో ఉంచే సెటిల్‌మెంట్లు వెలిశాయి. తప్పు చేయని పసివాళ్లు కూడా వాటిలోనే పెరిగారు.

ఈ అన్యాయంపై పోరాడిన ధీశాలి నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్య. వృత్తికి న్యాయవాది అయిన ఆయన యానాదుల గూడేలు తిరిగి, వారి జీవితంపై 1962లో ఇంగ్లీషులో గ్రంథం వెలువరించారు. 1973లో పద్మభూషణ్ అందుకున్నారు.

మద్రాసు ప్రభుత్వం 1947లో నేరస్థ జాతుల చట్టాన్ని రద్దుచేసి, మరుసటి ఏడాది అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. శిక్షకు కులం కాక, వ్యక్తి పదేపదే చేసిన నేరం ఆధారమైంది. దేశమంతటా రద్దు 1952 ఆగస్టు 31న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం నుంచి బయటపడిన ‘విముక్త జాతులు’ ఆ తేదీని ఏటా విముక్తి దినంగా జరుపుకుంటున్నాయి.