ఎండీ5కి ఇంకా కుర్చీ వేస్తున్నాం

సర్వర్లు మార్చే పనిలో ఉన్నవాళ్ళకి బాగా పరిచయమైన మాట ఒకటుంది. "సైజు సరిపోయింది కదా బాస్, ఇంకేం చూస్తావ్?" సైజు సరిపోతే కాపీ సరిపోయినట్టు కాదని మనందరికీ తెలుసు కాబట్టి ఎండీ5సమ్ అని కొడతాం, రెండు వైపులా వచ్చిన 32 అక్షరాలు పోల్చుకుంటాం, లాగౌట్ అయిపోయి ఇంటికెళ్తాం. ఆ 32 అక్షరాలు అసలు దేనికి హామీ ఇస్తున్నాయని మాత్రం ఎవరూ అడగరు. ఈ మధ్య ఒక చట్టంలోని ఫారం చూశాక నాకు అడగాలనిపించింది. ఫారం సంగతి చివర్లో చెప్తాను, ముందు కథ.

మొదట్లో బైట్లన్నీ కూడి, ఆ మొత్తం సరిచూసేవారు. కిరాణా చిట్టీలో పప్పు 140, నూనె 160 అని ఉండాల్సింది తారుమారు చేసి రాసినా మొత్తం 300 దగ్గరే ఉంటుంది కదా, కూడికతో వచ్చిన చిక్కు అదే. 1961లో వెస్లీ పీటర్సన్ సీఆర్‌సీ ప్రతిపాదించాడు. కూడికకి బదులు ఒక రకం భాగహారం చేసి శేషాన్ని దాచుకోవడం. ఈథర్నెట్‌లోనూ జిప్ ఫైళ్ళలోనూ ఇప్పటికీ పనిచేస్తోంది. కానీ అది తీగ మీద రేగే రొద కోసం పుట్టింది. రొదకి కుట్ర తెలీదు. తెలిసిన మనిషెవడైనా అయితే ఓ నాలుగు బైట్లు సవరించి సీఆర్‌సీ-32 విలువని తనకి కావాల్సినట్టు తెప్పించుకుంటాడు.

ఆ మనిషిని ఆపడానికి వచ్చిందే ఎండీ5. రాసింది రొనాల్డ్ రివెస్ట్, ఆర్ఎస్ఏలో 'ఆర్' అంటే ఈయనే. 1991లో తయారై, 1992 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 1321గా బయటికొచ్చింది. ఎంత పెద్ద ఫైలిచ్చినా 128 బిట్లే ఇస్తుంది. ఒకే విలువనిచ్చే రెండు వేరు వేరు ఫైళ్ళు కనిపెట్టాలంటే 2కి 64వ ఘాతమంత పని పడుతుందని ఆయన అంచనా. వేగంగా నడుస్తుంది, ఉచితం, ఇంకేం కావాలి? అందరూ వాడేశారు.

1996లోనే హాన్స్ డాబర్టిన్ అనే జర్మన్ దాని లోపలి భాగంలో పగులు చూపించాడు. మొత్తం ఇల్లు కూలలేదు కదా అని లోకం పట్టించుకోలేదు (మన ప్రాజెక్టుల్లో వార్నింగులు చూస్తున్నట్టే). 2004 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో జరిగిన క్రిప్టో సదస్సులో చైనాకి చెందిన వాంగ్ షియావోయున్ బృందం ఇల్లే కూల్చేసింది. వేరు వేరు డేటా, ఒకటే ఎండీ5. మొదటి భాగం వెతకడానికి ఒక ఐబీఎం మెషీన్ మీద గంట, మిగతాది నిమిషాల్లో పని. ఇందులో నాకు భలే నచ్చిన ముక్క ఒకటుంది. వాళ్ళు మొదట బయటపెట్టిన జంటలు నిజమైన ఎండీ5తో కలవలేదు! ప్రారంభ విలువల్లో బైట్ల వరుస తిరగబడింది. బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్‌తో తల బాదుకున్న వాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది. సరిచేసుకుని కొత్త జంటలు తెచ్చారు. పద్ధతి చేతిలో ఉంటే ఎన్నైనా తేవచ్చని దాంతో తేలిపోయింది.

అర్థంలేని రెండు బైట్ల కుప్పలు కలిస్తే మనకేంటి అన్నవాళ్ళూ ఉన్నారు. 2008 డిసెంబరులో, బెర్లిన్‌లో జరిగిన ఒక సదస్సులో జవాబొచ్చింది. దాదాపు 200 ప్లేస్టేషన్ 3లు వాడి, బ్రౌజర్లన్నీ నమ్మే ఒక దొంగ సర్టిఫికేట్ అథారిటీనే సృష్టించి చూపించారు పరిశోధకులు. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ వైరస్ ఇదే దారిలో మైక్రోసాఫ్ట్ సంతకాన్ని ఫోర్జరీ చేసి, విండోస్ అప్‌డేట్ వేషంలో కంప్యూటర్లలోకి దూరింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఇప్పటికే ఉన్న ఫైలుకి, వేరే ఎవరో తయారుచేసిన దానికి, జోడీ పుట్టించడం ఎండీ5లో కూడా ఆచరణలో ఎవరికీ చేతకాలేదు. రెండు ఫైళ్ళనీ మొదట్నుంచీ ఒకడే వండితే మాత్రం కుదురుతుంది. అందుకే రాత్రి బ్యాకప్ సరిచూడ్డానికి ఎండీ5 వాడితే కొంపేం మునగదు. ఫైలు ఎవరి చేతుల్లో పుట్టిందన్నదే అసలు ప్రశ్న.

ఇక ఫారం. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, సెక్షన్ 63. ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికేట్ ఇవ్వాలి, అందులో హాష్ విలువ రాయాలి. చాలా మంచి మాట. ఏ అల్గారిథం వాడారో టిక్ పెట్టడానికి గడులున్నాయి, అందులో ఎండీ5 ఒకటి! ఫారంలో ఒక భాగం రికార్డు ఇచ్చేవాళ్ళు నింపుతారు, రెండోది నిపుణుడు. ఇచ్చేవాడు ముందే రెండు ఫైళ్ళు వండుకుని ఒకటి సమర్పించాడనుకోండి. నిపుణుడు ఎంత నిజాయితీగా లెక్కేసినా, తర్వాత రెండోది దాని స్థానంలోకి వస్తే ఎండీ5 కలుస్తూనే ఉంటుంది. అవతల ఉన్నది సాఫ్ట్‌వేర్ రిలీజు కాదు, ఎవరిదో జైలో బెయిలో.

ఇంకో తమాషా ఏంటంటే, మన ఐటీ చట్టం 2000లోనే, మూడో సెక్షన్‌లో, హాష్ ఫంక్షన్‌కి నిర్వచనం ఉంది. రెండు రికార్డులు ఒకే ఫలితం ఇవ్వడం గణనపరంగా అసాధ్యమవ్వాలి అని. ఆ లెక్కన 2004 నుంచి ఎండీ5 మన చట్టం ప్రకారమే హాష్ ఫంక్షన్ కాదు. 23 ఏళ్ళ తర్వాత రాసిన చట్టం దాన్ని పిలిచి మరీ కుర్చీ వేసింది. అక్కడే ఎస్‌హెచ్‌ఏ-256 గడి కూడా ఉంది, ఎవరైనా అడిగితే దాన్నే టిక్ చెయ్యమని చెప్పండి. ఎస్‌హెచ్‌ఏ-1ని కూడా 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు కలిసి రెండు పీడీఎఫ్‌లతో పడగొట్టారు. 2030 చివరికల్లా పూర్తిగా వదిలించుకోమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2022లో ప్రకటించింది. మన ఫారంలో మొదటి గడి దానిదే.