కొనేవాడు కనిపించే తెర: కృష్ణా డెల్టా, జనరంజక సినిమా, వినిమయ సంస్కృతి విమర్శ

1991 ఆర్థిక సంస్కరణల తరువాత తెలుగు సాహిత్య విమర్శలో స్థిరపడిన పదబంధాల్లో ‘వినిమయ సంస్కృతి’ ఒకటి. అవసరం తీర్చుకోవడానికి వస్తువును కొనడంతో ఆగక, కొన్న వస్తువుతోనే తన హోదానూ సుఖాన్నీ, చివరకు తన విలువనూ కొలుచుకునే జీవన విధానాన్ని ఈ మాట సూచిస్తుంది. కథలూ కవితలూ ఈ ధోరణిని ఎండగట్టినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు గాని, అదే పని జనరంజక సినిమా చేసినప్పుడు మాత్రం ఒక అనుమానం వెన్నాడుతుంది; ఎందుకంటే ఆ సినిమా కూడా టికెట్టు పెట్టి కొనవలసిన సరుకే. అడోర్నో, హోర్క్‌హైమర్ 1940లలో ‘సంస్కృతీ పరిశ్రమ’ అనే భావనతో ఈ అనుమానానికి సిద్ధాంత రూపమిచ్చారు. మార్క్ ఫిషర్ 2009లో ‘కేపిటలిస్ట్ రియలిజం’ గ్రంథంలో ఇంకో అడుగు ముందుకు వేసి, డిస్నీ పంపిణీ చేసిన ‘వాల్-ఇ’ (2008) వంటి చిత్రాలు ప్రేక్షకుడి తరఫున తామే నిరసన తెలిపి, అతడు నిశ్చింతగా కొనుగోళ్లు కొనసాగించే వీలు కల్పిస్తాయని వాదించారు.

ఈ వాదాన్ని పరీక్షించడానికి విజయవాడ, దాని చుట్టూ ఉన్న డెల్టా అనువైన చోటు. 1850లలో కృష్ణకు ఆనకట్ట కట్టిన తరువాత కాలువల కింద పండిన పంట మిగులు, తరువాతి తరాల్లో రైసు మిల్లులకూ హోటళ్లకూ సినిమాలకూ పెట్టుబడిగా మళ్లింది; కోస్తాంధ్ర రైతు-పెట్టుబడిదారుల మీద కేరల్ ఉపాధ్య, తెలుగు సినిమా మీద ఎస్.వి. శ్రీనివాస్ చేసిన అధ్యయనాలు ఈ నేపథ్యాన్ని అర్థం చేసుకోవడానికి ఆధారాలు. 1921లోనే మారుతీ సినిమా హాలు వెలసిన ఈ నగరంలో, గాంధీనగరం దశాబ్దాల పాటు పంపిణీదారుల కార్యాలయాలకు నెలవుగా నిలిచింది. పంపిణీ వ్యాపారంలో ‘కృష్ణా’ అంటే నదీ కాదు, జిల్లా పాలనా కాదు, ఒక ‘ఏరియా’. పన్నులూ హాలు అద్దె పోగా పంపిణీదారుకు మిగిలే సొమ్మును ‘షేర్’ అంటారు కాబట్టి, ఆ లెక్కల్లో ఇక్కడి ప్రేక్షకుడు కృష్ణా షేర్‌లో ఒక అంశ మాత్రమే.

పెట్టుబడి తనపై విమర్శకు తానే డబ్బు పెట్టగలదా అన్న ప్రశ్నకు ఈ నేల మీద పాత సమాధానం ఒకటుంది. కృష్ణా జిల్లాకు చెందిన గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో 1939లో వచ్చిన ‘రైతుబిడ్డ’ జమీందారీ వ్యవస్థను నేరుగా ఎదిరించిన చిత్రం. దాన్ని నిర్మించిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. జమీందార్ల నుంచి తీవ్ర వ్యతిరేకత వచ్చి, ఆ చిత్రం నిషేధానికి గురైంది. అంటే సొమ్ము ఎవరిదన్న ఒక్క కారణంతో విమర్శ బూటకమని తేల్చడం తొందరపాటు. అయితే ఆ చిత్రానికి కోరలు రావడానికి కారణం అది మనిషి దురాశను కాక, శిస్తు వసూలు చేసే వ్యవస్థను చూపించడమే. ఇదే కొలబద్దను తరువాతి చిత్రాలకు వర్తింపజేయవచ్చు.

సంస్కరణలు మొదలైన మూడేళ్లకు, 1994లో, ఎస్.వి. కృష్ణారెడ్డి ‘శుభలగ్నం’ వచ్చింది. తెలుగులో వస్తు వ్యామోహం మీద ఇంత సూటిగా, ఇంత విస్తృతంగా జనానికి చేరిన కథ మరొకటి దొరకడం కష్టం. ఇరుగుపొరుగు వైభవాన్ని చూసి కుమిలే మధ్యతరగతి ఇల్లాలు (ఆమని), కోటి రూపాయలకు తన భర్తను (జగపతిబాబు) మరో స్త్రీకి (రోజా) ఇచ్చివేయడానికి సిద్ధపడుతుంది. దాంపత్యానికి ధర కట్టడమనే ఈ ఊహ వెనుక లోతైన అంతర్దృష్టి ఉంది: అన్నింటికీ వెల ఉన్న లోకంలో వెలలేనిదంటూ మిగలదన్న సంగతిని, పుస్తకం ముట్టని ప్రేక్షకురాలికి కూడా అది అరక్షణంలో అర్థం చేయించింది. 1997లో ‘జుదాయి’గా హిందీలోకి కూడా వెళ్లిన ఈ కథ శక్తిని తక్కువ చేయడానికి వీల్లేదు.

కాని దాని దృష్టి ఎక్కడ నిలిచిందో గమనించాలి. సరుకు మీద ఆశను ఎవరు పుట్టిస్తున్నారు, ప్రకటన ఏం చేస్తోంది, ఒకరి జీతం మీద నడిచే సంసారానికి ఆ ఆశ ఎందుకంత ఊపిరాడనివ్వడం లేదు అన్న ప్రశ్నలు కథ గడప దాటి లోపలికి రావు. తప్పంతా ఇల్లాలి స్వభావానిదే అవుతుంది. భర్త ఉత్తముడు, బజారు నిర్దోషి. ఆమె పశ్చాత్తాపపడితే సమస్య తీరిపోతుంది. తెర మీద కొనేవాళ్లు కనిపిస్తారు, అమ్మేవాడు కనిపించడు. అదీగాక, ఆ కొనేవాళ్లు ఆడవాళ్లయితే తీర్పు చెప్పడం మరీ సులభం.

రెండు దశాబ్దాల తరువాత దోషం ఆడవారి మీది నుంచి తొలగింది గాని, దోషమే మాయమైపోయింది. కొరటాల శివ ‘శ్రీమంతుడు’ (2015)లో వేల కోట్ల వారసుడు సైకిలు తొక్కుతూ పూర్వికుల ఊరిని దత్తత తీసుకుంటాడు. వంశీ పైడిపల్లి ‘మహర్షి’ (2019)లో అమెరికా సంస్థ అధిపతి పొలం బాట పడతాడు. రెండింటిలోనూ త్యాగం చేయగలిగినవాడు ముందుగా కూడబెట్టగలిగినవాడే కావాలి, కాబట్టి సంపద పోగుపడే తీరు నిలదీతకు గురికాదు. ‘శ్రీమంతుడు’ విడుదలైన సంవత్సరమే కథానాయకుడు మహేష్‌బాబు తండ్రి స్వగ్రామమైన తెనాలి దగ్గరి బుర్రిపాలేన్ని దత్తత తీసుకున్నారు. సినిమా ఊహ డెల్టాలో ఒక ఊరికి నిజంగా చేరింది, దీన్ని కేవలం ప్రచారమని కొట్టిపారేయడం న్యాయం కాదు. ఆయనే ఆ సంవత్సరాల్లో శీతల పానీయానికి ప్రచారకర్త కూడా. రెండు పాత్రల మధ్య ప్రేక్షకుడికి ఏ ఘర్షణా తోచకపోవడమే ఇక్కడ పరిశోధకుడు పట్టించుకోవలసిన విషయం.

అమ్మేవాడిని తెర మీదికి తెచ్చిన అరుదైన ప్రయత్నం ‘సైజ్ జీరో’ (2015). త్వరగా సన్నబరుస్తామని ఆశ చూపి ఆరోగ్యంతో చెలగాటమాడే ఒక క్లినిక్కును, దాన్ని నడిపే వ్యాపారిని (ప్రకాష్‌రాజ్) ఎదిరించే యువతిగా అనుష్క నటించిన ఈ చిత్రంలో, శరీరం మీద అసంతృప్తిని తయారుచేసి దానికి మందు అమ్మే యంత్రాంగం స్పష్టంగా కనిపిస్తుంది. నిర్మించినది పీవీపీ సంస్థ. అదే పేరుతో విజయవాడ బందరు రోడ్డు మీద ఒక మాల్ ఉంది, అందులో సినిమా తెరలూ ఉన్నాయి. చల్లపల్లి ఉదంతం దృష్టిలో ఉంటే ఇందులో వింతేమీ లేదు. ఒక వ్యాపారి మోసాన్ని చూపడానికి మాల్ అడ్డు రాదు, మాల్‌నే చూపాలంటేనే చిక్కు. ఆ చిత్రం ఆర్థికంగా విజయం సాధించలేదు.

వస్తువుల అవసరమే లేని జీవితాన్ని చూపిన ‘మిథునం’ (2012) ప్రస్తావన ఇక్కడ తప్పదు. శ్రీరమణ కథ ఆధారంగా తనికెళ్ల భరణి తీసిన ఈ చిత్రంలో, ఇద్దరే పాత్రలు, పెరటి పంటే ప్రపంచం. విమర్శ కన్నా ఇది జ్ఞాపకం. పిల్లలు విదేశాల్లో స్థిరపడిన ఆ ముసలి దంపతుల నిశ్చింత వెనుక సొంత ఇల్లూ పెరడూ ఉన్నాయి. కౌలు రైతుకూ, అద్దె ఇంట్లో ఉండే ఆటో డ్రైవరుకూ ఆ నిరాడంబరత అందుబాటులో లేదు.

జనరంజక సినిమా ఆశను గుర్తు పట్టగలదు, దానికి మరపురాని కథారూపం ఇవ్వగలదు, అప్పుడప్పుడు ఒక మోసగాడిని బోనెక్కించగలదు. తాను ప్రదర్శితమయ్యే హాలు లెక్కలను మాత్రం అది విప్పదు. ఆ లెక్కలు విప్పే పని విజయవాడలో తెర బయట జరిగింది. మల్టీప్లెక్సుల్లో తినుబండారాలనూ మంచినీళ్లనూ అధిక ధరలకు అమ్మడాన్ని తప్పుపడుతూ, ప్రేక్షకులు బయటి నుంచి తెచ్చుకునే ఆహారాన్నీ నీటినీ అనుమతించాలని 2018 ఆగస్టులో ఇక్కడి వినియోగదారుల ఫోరం ఆదేశించింది. జమ్మూకశ్మీర్ థియేటర్లకు సంబంధించిన వేరొక కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు, బయటి ఆహారాన్ని వద్దనే హక్కు హాలు యజమానికి ఉంటుందని, తాగునీరు మాత్రం ఉచితంగా ఇవ్వాలని తేల్చింది.