రేడియేషన్ వేళ నోటిపూత: ఆపడమెలా, తట్టుకోవడమెలా

భిలాయి ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి పవర్ హౌస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నోటి క్యాన్సర్ ముప్పు రెండు వైపుల నుంచి ఉంది. ఒకటి, ఇక్కడి గుడాఖు. పొగాకు, బెల్లం కలిపి చేసే ఈ ముద్దతో పళ్లు తోముకోవడం ఛత్తీస్‌గఢ్‌లో బాగా పాతుకుపోయిన అలవాటు. రెండోది, ఊరి నుంచి వెంట వచ్చిన చుట్ట. ముఖ్యంగా ఉత్తరాంధ్ర మహిళల్లో కనిపించే అడ్డపొగ, అంటే నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం, అంగిలి క్యాన్సర్‌కు దారి తీస్తుందని వైద్యులు దశాబ్దాల క్రితమే గుర్తించారు.

జబ్బు బయటపడ్డాక అందరూ ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. తర్వాత వచ్చే నోటిపూత గురించి ముందే చెప్పేవారు తక్కువ. చికిత్సను మధ్యలో ఆపేయడానికి ముఖ్య కారణాల్లో అదొకటి.

ఎందుకు వస్తుంది?

తల, మెడ క్యాన్సర్లకు సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6 నుంచి 7 వారాలు రేడియేషన్ ఇస్తారు. మొత్తం మోతాదు 60 నుంచి 70 గ్రే. నోటి లోపలి పొరలోని కణాలు త్వరత్వరగా పుట్టి రాలిపోతుంటాయి. రేడియేషన్ ఆ కొత్త కణాలనూ దెబ్బతీస్తుంది. రెండో వారంలో నోరు ఎర్రబడి మంట మొదలవుతుంది. మూడో వారం నుంచి పుండ్లు పడతాయి. సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందు కూడా తోడైతే తీవ్రత పెరుగుతుంది. చికిత్స ముగిశాక మానడానికి 2 నుంచి 4 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది.

నొప్పి భరించలేక నాలుగు రోజులు మానేస్తే ఏమవుతుందిలే అనుకోకూడదు. ఆ విరామంలో క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. చికిత్స ఒక్కో రోజు సాగే కొద్దీ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం తగ్గుతుందని అంచనా.

మొదలుపెట్టే ముందు

పంటి వైద్యుణ్ణి తప్పక కలవాలి. పాడైన పళ్లు తీయాల్సి వస్తే రేడియేషన్‌కు కనీసం 2 వారాల ముందే తీయించాలి. తర్వాత తీయిస్తే దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. గుడాఖు, ఖైనీ, చుట్ట, మద్యం పూర్తిగా మానాలి. చికిత్సలో ఉండగా కొనసాగిస్తే పుండ్లు ముదురుతాయి, మందు పనితనమూ తగ్గుతుంది.

రోజూ చేయాల్సినవి

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంట సోడా కలిపి రోజుకు 5, 6 సార్లు పుక్కిలించాలి. మెత్తని బ్రష్ వాడాలి. కట్టుడు పళ్లు రాత్రిపూట తీసేయాలి. మద్యం కలిసిన మౌత్‌వాష్‌లు వద్దు. అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు నోటిపూత నివారణకు బెంజిడమైన్ పుక్కిలింత, తక్కువ శక్తి లేజర్ చికిత్సలను సిఫారసు చేస్తున్నాయి. తేనె కూడా ఉపయోగపడవచ్చని సూచిస్తున్నాయి. మధుమేహం ఉన్నవారు డాక్టర్ని అడిగాకే తేనె వాడాలి. చాలామంది కొనే క్లోర్‌హెక్సిడిన్ రేడియేషన్ పూతను ఆపదు.

తిండి ఎలా?

ఆవకాయ, మిరియాల చారు, చింతపండు పులుసు, వేడివేడి టీ కొన్నాళ్లు పక్కన పెట్టాలి. చల్లారిన చోడి అంబలి, మెత్తగా కలిపిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ, ముద్దపప్పు, మెత్తగా ఉడికించిన గుడ్డు మేలు. పథ్యం పేరుతో పాలు, గుడ్లు మాన్పించడం పొరపాటు. పుండు మానడానికి మాంసకృత్తులే ఆధారం. ప్రతి వారం బరువు చూడాలి. మింగలేక బరువు పడిపోతుంటే డాక్టర్లు ముక్కు ద్వారా గొట్టం వేస్తారు. గొట్టం వేశారంటే రోగి పని అయిపోయిందని అర్థం కాదు. చికిత్స ఆగకుండా సాగడానికే అది.

నొప్పికి మందు

తినే ముందు లిడోకైన్ పూస్తే కాసేపు తిమ్మిరెక్కి మంట తగ్గుతుంది. అది తగ్గేదాకా నాలుక, బుగ్గ కొరుక్కోకుండా నెమ్మదిగా మింగాలి. పారాసిటమాల్‌తో తగ్గకపోతే మార్ఫిన్ ఇస్తారు. డాక్టరు చెప్పిన మోతాదులో, నొప్పి కోసం వాడితే వ్యసనమవుతుందన్న భయం అక్కర్లేదు. సిస్‌ప్లాటిన్ తీసుకుంటున్నవారు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోకూడదు. మూత్రపిండాలు దెబ్బతింటాయి. నోట్లో తెల్లటి పొర కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. దానికి వేరే మందు ఉంది.

100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, నోటి నుంచి రక్తం ఆగకపోయినా, మంచినీళ్లు కూడా దిగకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

రాయపూరా, విశాఖా?

భిలాయివాసులకు రాయపూర్‌లో ఎయిమ్స్, అంబేద్కర్ ఆసుపత్రి దగ్గర. సొంత మనుషులున్నారని కొందరు విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వైపు చూస్తారు. ఎక్కడైనా ఆ 7 వారాలు మెత్తని తిండి వండిపెట్టే మనిషి, రోజూ వెళ్లివచ్చే దారి ఉన్నాయా అన్నది ముందు చూసుకోవాలి. మూడో వారంలో ఊరు మారడం కష్టం. పండగకో, పెళ్లికో ఊరెళ్లాల్సి ఉంటే ఆ సంగతి మొదటి రోజే డాక్టరుకు చెప్పాలి.