ఆ రాత్రి మరమ్మతు

టైటానిక్ అనగానే అందరికీ మంచుకొండ గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకు రెండు రోజుల ముందు చెడిపోయిన వైర్‌లెస్ సెట్టు గుర్తొస్తుంది. 1912 ఏప్రిల్ 12 రాత్రి అది మూగబోయింది. ఆపరేటర్లు జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ పాతికేళ్లు మించని కుర్రాళ్లు. గంటల తరబడి కుస్తీ పట్టి, ట్రాన్స్‌ఫార్మర్ తీగల్లో షార్టును పట్టుకుని, తెల్లవారేసరికి సెట్టును పలికించారు. (షార్టు వెతకడం ఎంత విసుగో మా ఎలక్ట్రికల్ వాళ్లకే తెలుసు!)

14 అర్ధరాత్రి దాటాక కార్పేథియా ఓడకు కబురు అందింది ఆ సెట్టు నుంచే. టైటానిక్ 2:20కి మునిగింది. కార్పేథియా వచ్చేసరికి నాలుగైంది. నీళ్లు సున్నాకు రెండు డిగ్రీలు దిగువన ఉన్నాయి. బెండు జాకెట్లు మనుషుల్ని తేల్చాయి గానీ చలిని ఆపలేదు. అలాంటి నీళ్లలో పడగానే ఊపిరి అదుపు తప్పుతుంది, పది నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. ఎంతటి గజ ఈతగాడైనా అంతే. బతికిన సుమారు 700 మందిలో దాదాపు అందరూ పడవలెక్కినవాళ్లే.

బోల్తాపడ్డ పడవను పట్టుకున్న బ్రైడ్, చలికి పాదాలు దెబ్బతిన్నా బయటపడ్డాడు. కరెంటు సన్నగిల్లేదాకా కీ వదలని ఫిలిప్స్ మాత్రం తిరిగి రాలేదు.